ఖాడీ ఒడ్డున కోరా గుడ్డ

లాక్‌డౌన్‌లన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది, సెప్టెంబరు నెలాఖరున, నేను భివండీ తాలూకా పశువైద్యశాలలో పశుధన వికాస అధికారిగా పనిచేస్తున్నాను. హోదా పేరు ఘనంగానే ఉంటుంది కానీ పని మాత్రం గేదెల డాక్టరు పని. భివండీ అనగానే అందరికీ మరమగ్గాలే గుర్తొస్తాయి. మావాళ్లు వాటిని సాంచెలంటారు. ఆ సాంచెల ఊరి చుట్టూ ఎన్ని గేదెల తబేలాలు, అంటే పాల కొట్టాలు, ఉన్నాయో ముంబైలో పొద్దున్నే చాయ్ తాగేవాళ్లకు తెలియదు. చూడి పరీక్షలు, గాలికుంటు టీకాలు, బక్రీద్‌కు ముందు మేకల తనిఖీ, వీటితోనే నా ఉద్యోగం చివరి అంకానికి వచ్చింది.

నేను పుట్టింది భివండీలోని కామత్‌ఘర్‌లో. మా నాయన జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి జీవితమంతా సాంచెల మీద నిలబడి బతికాడు. నా చదువు మరాఠీలో సాగింది. తెలుగు మా అమ్మ చలవ. కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా మరాఠీ వాసన తగిలితే పాఠకులు సర్దుకోవాలి.

ఆ రోజు పొద్దున వనపాల్ షిందే ఫోన్ చేశాడు. వనపాల్ అంటే అటవీ శాఖలో రేంజ్ అధికారి కింద ఉండే ఉద్యోగి. పూర్ణ ఊరు దాటాక, గోదాముల వెనక, ఖాడీ బురదలో డాల్ఫిన్ పడి ఉందని, బతికే ఉందని చెప్పాడు. సముద్రపు పోటు లోపలికి వచ్చిపోయే ఉప్పునీటి పాయను ఇక్కడ ఖాడీ అంటారు. నాకూ డాల్ఫిన్‌కూ ఏం సంబంధమయ్యా అని అడిగాను. చట్టం ప్రకారం పులికి ఎంత రక్షణ ఉందో డాల్ఫిన్‌కూ అంతే ఉంది, బాధ్యత అటవీ శాఖదే. కానీ సముద్ర జంతువుల సంగతి తెలిసిన అటవీ శాఖ డాక్టరు ఎక్కడో కొంకణ్ తీరంలో ఉన్నాడు. ఆయన వచ్చేలోగా దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యుడు చూడాలి. అంటే నేనే.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్ర జంతువుల మీద ఒకసారి మాకు శిక్షణ ఇచ్చారు. భివండీలో తిమింగలం ఎక్కడ దొరుకుతుందని నేనూ నా పక్కనున్న మిత్రుడూ నవ్వుకున్నాం. భోజనాల తర్వాత కాస్త కునుకు కూడా తీశాం. అయినా కొన్ని సంగతులు చెవిన పడే ఉన్నాయి. గేదెల కోసం వాడే సంచీ, మంచు పెట్టె, కోవిడ్ కాలంలో వైద్యశాలకు వచ్చి మిగిలిపోయిన మాస్కులు జీపులో వేసుకుని బయలుదేరాను.

నేను వెళ్లేసరికి పోటు తీసి నీళ్లు వెనక్కి పోయాయి. బురద తేలిన ఒడ్డు మీద గోదాము హమాలీలు, టెంపో డ్రైవర్లు, వెనక చాల్‌లోని, అంటే కూలీల ఇళ్ల వరసలోని, ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. మధ్యలో బూడిద రంగు డాల్ఫిన్. తెల్లవారి నీళ్లున్నప్పుడే జనం దాన్ని ఒకసారి లోపలికి తోశారట. కాసేపు గుండ్రంగా తిరిగి మళ్లీ అదే చోటికి వచ్చి పడిందట. ఈసారి పడవ తెచ్చి లోతుకు లాక్కెళ్దామని అక్కడ చర్చ నడుస్తోంది. షిందే నా మొహం వంక చూశాడు.

డాల్ఫిన్ మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. మగ్గం మీద నుంచి దిగిన కొత్త తాను. దాన్ని మాదగ్గర తాకా అంటారు. తాకాను నిలువునా విప్పి, తల దాకా లాగి కప్పారు. పక్కనే ఒక పెద్దాయన బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. నేను డాల్ఫిన్ దగ్గర కూర్చుని గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాను. చర్మం పొడిగా, వేడిగా ఉంది. అన్ని బకెట్లు పోసినా ఒక్క చుక్క లోపలికి దిగలేదు.

ఎందుకు దిగలేదో సాంచెల ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. పడుగు దారం మగ్గం మీద తెగకుండా ముందే దానికి గంజి, మైనం పట్టిస్తారు. ఆ పనిని సైజింగ్ అంటారు. గుడ్డ తయారయ్యాక ఉతికి ఆ గంజి వదిలించే దాకా అది కోరా గుడ్డే. నీళ్లు పీల్చదు. పైగా అట్టలా బిగుసుకుని, అసలే పలచబడిన చర్మాన్ని గీకుతుంది. పాత చీర కప్పి ఉంటే ఆ జంతువుకు ఎంతో హాయిగా ఉండేది. కానీ ఆ పెద్దమనిషికి పాతది కప్పడం అనే ఆలోచనే వచ్చి ఉండదు. మావాళ్ల పద్ధతే అంత. ఎవరికైనా కప్పాలంటే కొత్తదే కప్పాలి.

నేను షిందేతో మరాఠీలో, ఈ గుడ్డ తీసెయ్యాలి, పాత మెత్తటి బట్టలు కావాలి అన్నాను. పెద్దాయన బకెట్టు కింద పెట్టి హిందీలో మొదలుపెట్టాడు. ఇది నిన్ననే మగ్గం దిగిన తాకా అని, మచ్చ లేదని అన్నాడు. ఆ హిందీ వినగానే అది మనవాళ్ల హిందీ అని తెలిసిపోయింది. తెలుగులోనే అన్నాను, అన్నా, కోరా గుడ్డ కదా, నీళ్లు పీలుస్తదా అని. ఆయన నన్నూ గుడ్డనూ మార్చి మార్చి చూశాడు.

"అయ్యో, గంజి," అన్నాడు. "నలభై ఏండ్ల సంది గీ గుడ్డనే నేస్తున్న. యాదికే రాలె డాక్టర్ సాబ్."

ఆయన పేరు లక్ష్మీరాజం. కామత్‌ఘర్‌లో నాలుగు సాంచెలకు యజమానీ ఆయనే, కార్మికుడూ ఆయనే. పూర్ణలోని గోదాముకు టెంపోలో తాకాలు దింపడానికి వచ్చి, జనాన్ని చూసి ఆగి, ఒక తాకా విప్పి తెచ్చాడు. తను కప్పిన గుడ్డను తనే తీసి, బురద అంటకుండా మడిచి, చంకలో పెట్టుకున్నాడు. ఆయన చిన్నబుచ్చుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. చాల్‌లోని ఆడవాళ్లు పాత చీరలు, దుప్పట్లు తెచ్చి ఇచ్చారు. వాటిని తడిపి కప్పాం. నెత్తి మీద ఉండే ముక్కు రంధ్రం మాత్రం వదిలేశాం. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ఆ రంధ్రం మూసుకుపోతే అంతే సంగతులు. పక్కకు ఒరిగిపోకుండా రెక్కల కింద బురద తవ్వి పొట్ట మీద నిలకడగా ఉండేలా చేశాం. టెంపో సరుకు మీద కప్పే తాడుపత్రిని పైన నీడగా కట్టించాం.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టాను. ఆడ డాల్ఫిన్. తల వెనక కండ కరిగి గుంట పడింది, అంటే చాలా రోజులుగా తిండి లేదు. చర్మం మీద బొబ్బలు పగిలిన మచ్చలు, నోట్లో పుండ్లు ఉన్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా చీములాంటి చీమిడి చిమ్ముతోంది, కుళ్లు వాసన వస్తోంది. దవడ, తోక ఆగకుండా వణుకుతున్నాయి. నీళ్లలో గుండ్రంగా తిరిగిందన్న మాట, ఈ వణుకు, ఈ చీమిడి, మూడింటినీ కలిపి చూస్తే నాకు కుక్కలకు వచ్చే డిస్టెంపర్ గుర్తొచ్చింది. మనుషుల్లో తట్టు, కుక్కల్లో డిస్టెంపర్, మేకల్లో పి.పి.ఆర్., ఇవన్నీ మార్బిలి అనే ఒకే వైరస్ వంశంలోవి. ఆ వంశంలోనే డాల్ఫిన్లకు వచ్చేది వేరే ఒకటుంది. ఊపిరితిత్తుల్ని, మెదడును పట్టుకుంటుంది, ఒంట్లోని రోగనిరోధక శక్తిని తినేస్తుంది. ఆపైన తక్కిన రోగాలు వచ్చి చేరతాయి. దానికి మందు లేదు.

కొంకణ్‌లో ఉన్న డాక్టరుకు ఫోన్లో వీడియో చూపించాను. ఆయనా అదే అనుమానించాడు. వెనక్కి తోయొద్దు, జనాన్ని దూరం పెట్టు అన్నాడు. బాధ లేకుండా నిద్రపుచ్చవచ్చా అని అడిగాను. రక్షిత జంతువుకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాలంటే రాష్ట్ర స్థాయి వన్యప్రాణి అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. షిందే తన పైవాళ్లకు వెంటనే చెప్పాడు. అది మెట్టు మెట్టూ ఎక్కి పైకి వెళ్లి, కిందికి రావాలి. అంతవరకు వణుకు, నొప్పి తగ్గడానికి నా దగ్గరున్నది ఇమ్మని, ఎంత ఇవ్వాలో ఆయనే చెప్పాడు. ఇచ్చాను.

ఇక జనానికి చెప్పాలి. అన్నిటికన్నా అదే కష్టమైన పని. డాల్ఫిన్‌ను నీళ్లలోకి తోస్తే బతుకుతుందని అందరూ నమ్ముతారు, నమ్మడంలో తప్పేమీ లేదు. కానీ జబ్బుపడ్డ డాల్ఫిన్ ఒడ్డుకు దారి తప్పి రాదు. ఊపిరి తీసుకోవాలంటే అది ప్రతిసారీ నీటి పైకి ఈదాలి. ఆ సత్తువ పోయినప్పుడు, మునిగిపోకుండా ఉండేందుకు లోతు లేని చోటు వెతుక్కుంటుంది. లోతుకు లాక్కెళ్తే దాన్ని మన చేతులతో ముంచినట్టే. పైగా ఇది ఏ గుంపు నుంచి వచ్చిందో ఆ గుంపుకు రోగం మళ్లీ అంటుతుంది. ఈ మాటలు హిందీలో, మరాఠీలో, తెలుగులో చెప్పాను. కొందరు విన్నారు, కొందరు సర్కారు డాక్టర్లింతే అని గొణిగారు. ఆ తర్వాత టెంపో తాడు విప్పించి, డాల్ఫిన్ చుట్టూ దూరంగా కర్రలు పాతి కట్టించాను. ఏ క్రిమి ఎవరికి అంటుతుందో పరీక్ష జరిగే దాకా తెలియదు. మార్బిలి మనిషికి రాకపోవచ్చు కానీ ఆ ఊపిరిలో ఇంకేం ఉన్నాయో చెప్పలేం. అందుకే శ్వాస జబ్బున్న జంతువు చుట్టూ గీత గీయడం మా పద్ధతి. గీత లోపల వైద్యుడు, సహాయకుడు తప్ప ఎవరూ ఉండకూడదు.

అందరూ వెనక్కి జరిగారు. లక్ష్మీరాజం మాత్రం జరగలేదు.

షిందే రెండుసార్లు గదమాయించాడు. నేనూ గట్టిగానే చెప్పాను. ఆయన డాల్ఫిన్ పక్కన బురదలో చతికిలబడి, అట్లనే కూర్చున్నాడు. నాకు చిరాకు వేసింది. ఒక్కరిని వదిలేస్తే తక్కిన వాళ్లందరూ లోపలికి వస్తారు. భుజం మీద చెయ్యేసి, అన్నా, లే, నీ మంచికే చెప్తున్న అన్నాను.

"గిదే మాట చెప్పిన్రు," అన్నాడు లక్ష్మీరాజం. "నా మంచికే అన్నరు. గేటు కాడ నిలవెట్టిన్రు."

తర్వాత ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా, నా వైపు చూడకుండా చెప్పాడు. కోవిడ్ రెండో ఉధృతిలో ఆయన భార్య భాగ్యమ్మకు ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్లారు. లోపలికి రావద్దన్నారు. ఆయన గేటు బయట చెట్టు కింద పగలూ రాత్రీ ఉన్నాడు. ఒక నర్సమ్మ మాత్రం జాలిపడి ఒకసారి ఫోన్లో మాట్లాడించింది. తాగడానికి నీళ్లు అడిగిందట భాగ్యమ్మ, అదొక్కటే ఆయనకు వినిపించింది. ఆమె పోయాక శవాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇచ్చారు. మొహం చూడనివ్వలేదు. మా దిక్కు ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి చీర వస్తుంది. అది కప్పకుండా సాగనంపరు. లాక్‌డౌన్‌లో జగిత్యాల నుంచి చీర ఎవరు తెస్తారు? సాంచెల యజమాని అయ్యుండి గజం కొత్త గుడ్డ కూడా ఆమె మీద కప్పలేకపోయాడు.

"గీ జీవి గూడ ఊపిరి అందక ఒడ్డుకొచ్చింది గద సార్. నువ్వే చెప్తివి. ఒక్కతే ఎట్ల పోతది? నేను కూసుంట. నాకేమన్నయితే కానియ్."

నా పద్ధతి తప్పు కాదు. ఆసుపత్రి వాళ్ల పద్ధతీ తప్పు కాకపోవచ్చు. కానీ ఈ మనిషిని రెండోసారి అదే గీత అవతలికి పంపడానికి నాకు చేతులు రాలేదు.

లేచి జీపు దగ్గరికి వెళ్లాను. గేదెలకు చూడి పరీక్ష చేసేటప్పుడు భుజం దాకా వేసుకునే పొడుగు ప్లాస్టిక్ తొడుగులు మాకుంటాయి. ఒక జత తెచ్చి ఆయన చేతులకు తొడిగాను. మాస్కు పెట్టి, ముక్కు మీద నొక్కి సరిచేశాను. కళ్లకు అద్దాలు పెట్టాను. గాలి ఖాడీ నుంచి వీస్తోంది. డాల్ఫిన్ ఊపిరి తన వైపు రాకుండా గాలి వచ్చే దిక్కున, తల పక్కన కాకుండా కాస్త వెనక కూర్చోబెట్టాను. చీరలు ఆరకుండా తడపాలి, ముక్కు రంధ్రంలో చుక్క నీరు పడకూడదు, చప్పుడు చేయకూడదు, కంట్లో ఎండ పడకుండా చూడాలి. ఇదే నీ డ్యూటీ అని చెప్పాను. ఆ పనికి ఎలాగూ ఒక మనిషి కావాలి. షిందేకు, ఈయన నా సహాయకుడు అని చెప్పాను. షిందే ఏమనుకున్నాడో కానీ సరేనన్నాడు.

మధ్యాహ్నం దాటే దాకా లక్ష్మీరాజం ఆ పని చేశాడు. నీళ్లు పోయలేదు, పిండాడు. తడి గుడ్డను రెండు చేతులతో పట్టి చర్మం మీద నెమ్మదిగా పిండేవాడు. మధ్యమధ్య భాగ్యమ్మ పేరెత్తకుండానే ఆమెతో మాట్లాడుతున్నట్టు ఏదో అనేవాడు. తాగుతవా, సల్లగుందా, భయపడకు అని. డాల్ఫిన్ వణుకు మందుకు కొంత తగ్గింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. పోటు నీరు తిరిగి వచ్చి తోకకు తగులుతుండగా బుస్సుమని ఒక్కసారి గాలి వదిలింది. తర్వాతి ఊపిరి కోసం ఇద్దరం చూశాం. రాలేదు. స్టెతస్కోపు పెట్టి విని, పోయిందని చెప్పాను. పై నుంచి రావాల్సిన ఉత్తర్వు ఇంకా దారిలోనే ఉంది.

లక్ష్మీరాజాన్ని తాడు అవతలికి పంపి, నేను శవపరీక్ష చేశాను. ఊపిరితిత్తులు బరువెక్కి, గట్టిపడి, గాలికి బదులు చీముతో నిండి ఉన్నాయి. గ్రంథులు వాచాయి. కడుపు ఖాళీ. ఊపిరితిత్తి, గ్రంథులు, మెదడు ముక్కలు విడివిడి సీసాల్లో వేసి మంచు పెట్టెలో సర్దాను. పోటు అందని ఎత్తులో అటవీ శాఖ వాళ్లు గొయ్యి తవ్వించారు. సున్నం చల్లి డాల్ఫిన్‌ను దింపాక, తాడు అవతలి నుంచి లక్ష్మీరాజం పిలిచాడు. పొద్దున మడిచి పెట్టుకున్న తాకా ఇంకా ఆయన చంకలోనే ఉంది.

"ఇప్పుడు కప్పొచ్చునా, డాక్టర్ సాబ్?"

కప్పొచ్చు అన్నాను. మళ్లీ మాస్కు, తొడుగులు వేయించి లోపలికి రానిచ్చాను. ఈసారి తల నుంచి తోక దాకా, ముక్కు రంధ్రం మీద కూడా కప్పాడు. ముడతలు లేకుండా అంచులు లాగి సరిచేశాడు. ఆ తర్వాతే మట్టి వేశారు.

కొన్ని వారాలకు ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది. అనుమానించిందే నిజం. డాల్ఫిన్లకు వచ్చే మార్బిలి వైరస్, మెదడు వాపు, ఊపిరితిత్తుల్లో ఆ పైన చేరిన బాక్టీరియా. మనిషికి అంటుకునేదేమీ అందులో కనిపించలేదు. ఆ మాట లక్ష్మీరాజానికి చెప్పడం నా బాధ్యత కాబట్టి కామత్‌ఘర్ వెళ్లాను. సాంచెల చప్పుడులో చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. నీకేం భయం లేదన్నా, దానికి మందు లేకుండె, ఎవరేం చేసినా బతకకపోయేది అన్నాను. ఆయన తలూపాడు. అడ్డదారం చుట్టిన పేక కండె మార్చాడు. నేను వెళ్లొస్తానని లేస్తుంటే నాలుగు సాంచెలూ ఒకదాని తర్వాత ఒకటి ఆపేశాడు. పని నడుస్తుండగా మగ్గం ఆపడం అంటే చేతికొచ్చే డబ్బును ఆపుకోవడమేనని మాలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత," అన్నాడు. అప్పటిదాకా డాక్టర్ సాబ్ అన్నవాడు తమ్మీ అన్నాడు. "నాకు తొడిగితివి సూడు, గా తొడుగులు, గా మాస్కు... దవాఖానల గూడ ఉండె గదా?"

ఉన్నాయన్నా అన్నాను.

"మరి ఒక జత నాకిస్తే నేను గూడ కూసుందును గద ఆమె కాడ. నీళ్లు తాపుదును గద."

వార్డు నిండా రోగులున్నారనీ, నర్సులకే చాలలేదనీ, ఎవరికి వారు భయపడ్డారనీ చెప్పవచ్చు. అవన్నీ నిజమే. ఆయనా ఎరిగినవే. ఆయన చెయ్యి పట్టుకుని, వచ్చేశాను.

ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసే దాకా ఉన్న కాలంలో పశువులకు లంపీ చర్మ వ్యాధి వచ్చింది. మేకల్లో, కోళ్లలో అంటురోగాలు వచ్చాయి. ఎన్నో చోట్ల గీతలు గీశాను. ఒక్క గీతనూ సడలించలేదు, సడలించకూడదు కూడా. కానీ నా సంచీలో అదనంగా ఒక జత తొడుగులు, ఒక మాస్కు ఎప్పుడూ ఉంచాను. తాడు కట్టే ముందు, ఈ పశువు ఎవరిది, దాని దగ్గర ఎవరు కూర్చుంటారు అని అడిగి, అలా ఒకరుంటే వాళ్లకు తొడుగులు వేసి, ఏ దిక్కున కూర్చోవాలో చూపించాకే తాడు కట్టించాను. మా నియమావళిలో ఈ మాట లేదు. నా తర్వాత వచ్చిన అధికారికి బాధ్యతలు అప్పగించిన రోజున సంచీ తెరిచి ఆ జత చూపించి, ఇది ఎవరి కోసమో చెప్పి వచ్చాను.